ఇంగ్లీషు నోట పడ్డ స్పానిష్ ఇంటిపేరు

చేగువేరా అన్న మాటలో ‘గు’ ఎక్కణ్ణుంచి వచ్చింది? ఆటోల వెనక, టీ షర్టుల మీద, కాలేజీ గోడల మీద ఆ పేరు మనం ఏళ్ళ తరబడి చూస్తున్నాం గానీ, ఆ మనిషి సొంతవాళ్ళెవరూ అందులో ఉకారం పలకలేదు. అర్జెంటీనాలో ఆయన ఇంటిపేరు గెవారా. స్పానిష్ రాతలో ‘జి’ పక్కన ‘ఇ’ వస్తే ఆ ‘జి’ గొంతు రాసుకునే ‘ఖ’గా మారిపోతుంది. అలా మారకుండా గకారాన్ని గకారంగానే నిలపడానికి మధ్యలో ఒక ‘యు’ని పెడతారు. అది గుమ్మం దగ్గర కాపలావాడు, ఇంట్లో మనిషి కాదు. ఆ ‘యు’ని నిజంగా పలకాల్సి వస్తే దాని నెత్తిన రెండు చుక్కలుంటాయి. ఫుట్‌బాల్ ఆటగాడు అగ్వేరో పేరులో ఉన్న చుక్కలు అవే. ఇంగ్లీషు పత్రికలు సాధారణంగా చుక్కలు తీసేసి అచ్చేస్తాయి. దాంతో కాపలావాడెవరో, ఇంట్లోవాడెవరో తెలియకుండా పోయింది. ఆ ఇంగ్లీషు అక్షరాలనే కూడబలుక్కుని మనం తెలుగులోకి దింపుకున్నాం.

ఇంకో మాట. ‘చే’ పేరు కూడా కాదు. అర్జెంటీనావాళ్ళు ‘ఏయ్’, ‘ఒరే’ అన్నట్టు వాడే పిలుపు. ఆయన మాటకి ముందు అది ఎక్కువగా వాడేవాడని సావాసగాళ్ళు అలా పిలవడం మొదలుపెట్టారు. పూర్తి పేరు ఎర్నెస్తో గెవారా దె లా సెర్నా. ఇందులో గెవారా తండ్రిది, దె లా సెర్నా తల్లిది. అసలు గొడవంతా ఇక్కడే మొదలవుతుంది. ఇంటిపేరును ఎలా పలకాలి అన్నది రెండో ప్రశ్న. ఇంటిపేరు ఏది అన్నది మొదటిది.

స్పెయిన్‌లోనూ, స్పానిష్ మాట్లాడే అమెరికా దేశాల్లో చాలాచోట్లా ప్రతి మనిషికీ రెండు ఇంటిపేర్లుంటాయి. తండ్రి మొదటి ఇంటిపేరు ముందు, తల్లి మొదటి ఇంటిపేరు తరవాత. ఒక కుటుంబాన్ని చూస్తే ఇట్టే అర్థమవుతుంది. తండ్రి హోసే రూయిస్ బ్లాస్కో, తల్లి మరియా పికాసో లోపెస్. వాళ్ళబ్బాయి పాబ్లో రూయిస్ పికాసో. లోకమంతా పికాసో అని పిలిచే చిత్రకారుణ్ణి నిజానికి అమ్మ పుట్టింటి పేరుతో పిలుస్తోంది. అది ఆయన కోరుకున్నదే. రూయిస్ అన్న ఇంటిపేరు వీధికి పది కనిపిస్తుంది, పికాసో వెతికినా దొరకదు. సంతకానికి ఆయన రెండోదాన్నే ఉంచుకున్నాడు.

ఇప్పుడు ఈ లెక్కతో మన సాహిత్యాభిమానులు ‘మార్క్వెజ్’ అని పిలుచుకునే నోబెల్ రచయిత దగ్గరికి రండి. తండ్రి గాబ్రియేల్ ఎలిహియో గార్సియా. తల్లి లూయిసా సాంతియాగా మార్కెస్. కాబట్టి ఆయన గార్సియా మార్కెస్. గ్రంథాలయంలో వెతకాల్సింది గార్సియా దగ్గర, మార్కెస్ దగ్గర కాదు. కొలంబియాలో రెండూ కలిపి అంటారు, ముద్దొస్తే గాబో అంటారు. ఒక్క ‘మార్క్వెజ్’ అని ఇంగ్లీషువాళ్ళు అనడానికి కారణం వాళ్ళ అలవాటు. పేరులో చివర ఏది ఉంటే అదే ఇంటిపేరు అనుకుంటారు. పైగా ‘క్యూ’ పక్కన ‘యు’ కనబడగానే ‘క్వ’ అంటారు. స్పానిష్‌లో అదీ కాపలా ‘యు’యే, పలకరు. మార్కెస్ కాస్తా మార్క్వెజ్ కావడానికి ఒకే మాటలో ఇన్ని పొరపాట్లు పోగయ్యాయి, అన్నిటినీ మనం భద్రంగా దిగుమతి చేసుకున్నాం.

అయితే చివరిదాన్ని పట్టుకోవడం ప్రతిసారీ తప్పు అని కూడా అనలేం. కవి ఫెదెరికో గార్సియా లోర్కాను స్పెయిన్‌లోనే లోర్కా అంటారు. 2004 నుంచి 2011 దాకా ప్రధానిగా ఉన్న హోసే లూయిస్ రొద్రీగెస్ జపతేరోను అక్కడి పత్రికలే జపతేరో అని రాశాయి. గార్సియా, రొద్రీగెస్, పెరెస్ లాంటి పేర్లు ఊరంతా ఉంటాయి గనక, మనిషిని గుర్తుపట్టడానికి అరుదైన రెండోదే పనికొస్తుంది. అంటే దీనికి సూత్రం ఉంది గానీ, ఆ సూత్రం మనిషిని బట్టి వంగుతుంది. నటుడు హావియేర్ బార్దెం తండ్రివైపు ఇంటిపేరు ఎన్సీనాస్. తల్లి కూడా నటి, ఆమెవైపు పేరే ఆయన పెట్టుకున్నాడు. తండ్రి పేరే ముందుండాలన్న ఆనవాయితీకి స్పెయిన్ చట్టంలోనూ 2017 నుంచి ఆధిక్యం లేదు. ఏది ముందో తల్లిదండ్రులు మాట్లాడుకుని చెప్పాలి, తేలకపోతే రిజిస్ట్రారు తేలుస్తాడు.

పోర్చుగీసు వరస దీనికి తలకిందులు. అక్కడ సాధారణంగా తల్లిది ముందు, తండ్రిది చివర. గోవా నుంచి మనకి తెలిసిన ఫెర్నాండెస్‌లు, రోడ్రిగ్స్‌లు, గోమ్స్‌లు ఆ భాష ద్వారా వచ్చినవాళ్ళు. అందుకే వాళ్ళ పేర్ల చివర ‘ఎస్’ ఉంటుంది, స్పానిష్‌వాళ్ళకి ‘జెడ్’ ఉంటుంది. జార్జి ఫెర్నాండెస్‌ను ఫెర్నాండెజ్ అని రాసిన తెలుగు వార్త కనిపిస్తే, ఆయన్ని మంగుళూరు నుంచి తీసుకెళ్ళి మాడ్రిడ్‌లో దించినట్టే.

మధ్యలో ‘దె’ ఉన్న పేర్లయితే చెప్పనే అక్కర్లేదు. 1541లో మిసిసిపీ నదిని చేరిన హెర్నాండో డి సోటోను స్పానిష్ చరిత్రకారులు సోతో అంటారు. ఇంగ్లీషులో ‘డి’ కూడా ఇంటిపేరులో కలిసిపోయి డిసోటో అయింది. ఆ పేరుతో అమెరికాలో ఊళ్ళున్నాయి, కౌంటీలున్నాయి, 1928లో క్రైస్లర్ మొదలుపెట్టిన ఒక కారు కూడా ఉండేది. ఇంకో దండయాత్రికుడు వాస్కెస్ దె కొరొనాదోకి ఇంగ్లీషులో మిగిలింది తోక ఒక్కటే, కొరొనాడో.

రెండు ఇంటిపేర్లున్న స్పానిష్ మనిషి అమెరికాకి వచ్చి అక్కడి దరఖాస్తు ముందు కూర్చుంటే ఏమవుతుందో తెలుగువాళ్ళకి ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. ఫస్ట్ నేమ్, మిడిల్ నేమ్, లాస్ట్ నేమ్ అని మూడు గళ్ళు. తండ్రి పేరు మిడిల్ నేమ్ గడిలో పడుతుంది, తరవాత అది ఒక పొడి అక్షరంగా కుంచించుకుపోతుంది, ఆ తరవాత మాయమవుతుంది. ఆసుపత్రి కార్డులో ఒక మనిషి, బ్యాంకులో ఇంకో మనిషి. మనకి ఇంటిపేరు ముందుంటుంది, పొడి అక్షరంగా ఉంటుంది, కొందరి పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో పడి రెండోది ఖాళీగా ఉంటుంది. అప్పుడు అమెరికా వీసా మీద ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని అచ్చవుతుంది. మొదటి పేరు తెలియదు అని దానర్థం. అది చూసి ఎవరో ‘ఫ్నూ’ గారూ అని పిలిచిన కథలు మన వాట్సాప్ గ్రూపుల్లో కొదవలేదు. స్పానిష్ కుటుంబానికి ఇంకో చిక్కు కూడా ఉంది. పెళ్ళయినా ఆడవాళ్ళు ఇంటిపేరు మార్చుకోరు. పిల్లల జంట పేరు తండ్రితో అచ్చంగా కలవదు, తల్లితో అచ్చంగా కలవదు, తోబుట్టువులతో మాత్రమే కలుస్తుంది. కుటుంబమంతటికీ ఒకటే పేరు ఉంటుందనుకునే బడి గుమస్తాకి అది అనుమానంగా కనిపిస్తుంది.

ఈ బాధ తప్పించుకోడానికి చాలామంది పట్టుకున్న ఉపాయం రెండు పేర్ల మధ్య ఒక అడ్డగీత. న్యూయార్కు నుంచి అమెరికా కాంగ్రెసుకి ఎన్నికైన అలెగ్జాండ్రియా ఒకాసియో-కోర్టెజ్ పేరులో ఉన్నది ఆ గీతే. స్పానిష్‌కి అది అవసరం లేదు. ఇంగ్లీషు కంప్యూటర్ రెండు మాటల్ని విడదీయకుండా కొట్టిన మేకు అది. ఫిలిప్పీన్స్‌లో దీన్ని మరో రకంగా సర్దుకున్నారు. 1849లో స్పానిష్ గవర్నర్ జనరల్ క్లవెరియా ఒక పేర్ల జాబితా తయారుచేయించి అక్కడి కుటుంబాలకి ఇంటిపేర్లు పంచాడు. తరవాత అమెరికా పాలన వచ్చింది. ఇప్పుడు వాళ్ళకి తల్లి పుట్టింటి పేరు మిడిల్ నేమ్, తండ్రిది లాస్ట్ నేమ్. పేర్లు స్పెయిన్‌వి, వరస అమెరికాది.

ఇక పలకడం. ఇక్కడ అందరూ ముందు నాలుక తిప్పడం గురించి మాట్లాడతారు, నాకు మాత్రం అసలు విషయం అక్షరం నెత్తిన పెట్టే చిన్న వాలుగీత అనిపిస్తుంది.

స్పానిష్‌లో ప్రతి మాటలో ఒక అక్షరం మీద ఊనిక పడుతుంది. దాన్ని మిగతావాటికన్నా గట్టిగా, కాస్త సాగదీసి అంటారు. మాట అచ్చుతోగానీ ‘ఎన్’, ‘ఎస్’లతోగానీ ముగిస్తే ఊనిక చివరి నుంచి రెండో అక్షరం మీద. వేరే హల్లుతో ముగిస్తే చివరి అక్షరం మీద. ఈ లెక్క తప్పే మాటలకి, ఊనిక పడే అచ్చు నెత్తిన వాలుగీత పెడతారు. ఇంత శుభ్రమైన ఏర్పాటు ఇంగ్లీషుకి లేదు. ‘ఎజ్’తో ముగిసే ఇంటిపేర్లలో చాలావరకు ‘ఫలానావాడి కొడుకు’ అని చెప్పేవి. రొద్రీగో కొడుకు రొద్రీగెస్, గొన్సాలో కొడుకు గొన్సాలెస్, సాంచో కొడుకు సాంచెస్, లోపె కొడుకు లోపెస్, మర్తీన్ కొడుకు మర్తీనెస్. ఊనిక తండ్రి పేరులో ఉన్నచోటే ఉండిపోయింది. ‘జెడ్’తో ముగిశాయి కాబట్టి లెక్క ప్రకారం చివర పడాలి, పడటం లేదు, అందుకని గీత. టెన్నిస్ ఆటగాడు అల్కరాస్ పేరుకీ చివర ‘జెడ్’ ఉంది గానీ గీత లేదు. ఎందుకంటే అక్కడ ఊనిక చివరే పడుతుంది: అల్కరాస్, ‘రా’ మీద బరువు. ఇంగ్లీషు వ్యాఖ్యాతలు చాలామంది మొదటి ‘అ’ మీద వేస్తారు.

ఇప్పుడు అమెరికాలో గీత తీసేస్తే ఏమవుతుంది? ‘జెడ్’తో రాసే గొన్సాలెస్ గీత పోగానే, స్పానిష్ చదువరి కంటికి, చివర బరువు పడే వేరే మాట అయిపోతుంది. ‘ఎస్’తో రాసే గొన్సాలెస్‌కి ఏ నష్టమూ లేదు, దానికి మొదటినుంచీ గీత అక్కర్లేదు. టెక్సస్‌లో గొంజాలెస్ అన్న ఊరికి ‘ఎస్సే’ ఉంది. లాటిన్ అమెరికాలో ‘ఎస్’, ‘జెడ్’ రెండూ ఒకేలా పలుకుతాయి, పాతకాలంలో రాత స్థిరపడలేదు, కాబట్టి ఒకే వంశంలో రెండు రాతలూ కనిపిస్తాయి. ‘ఎన్’ నెత్తిన పెట్టే అలలాంటి గుర్తు తీసేస్తే నష్టం ఇంకా ఎక్కువ. పేఞా అంటే కొండరాయి. అల పోతే పేనా, అంటే దుఃఖం. మన వర్ణమాలలో ఎప్పుడూ మూల కూర్చునే ఞ, సరిగ్గా ఈ శబ్దానికే పుట్టిందేమో అనిపిస్తుంది.

గీతలు నిలుపుకోవడానికి జరిగిన పోరాటం చిన్నది కాదు. కాలిఫోర్నియాలో 1986లో ఓటర్లు ఇంగ్లీషును అధికార భాషగా ఆమోదించారు. ఆ నిబంధన పేరు చెప్పి జనన ధ్రువపత్రాల్లో 26 ఇంగ్లీషు అక్షరాలకి మించి ఏదీ రానివ్వలేదు. లాస్ ఏంజెలెస్, శాన్ హోసే అని ఊళ్ళ పేర్లున్న రాష్ట్రం అది. 2017లో గీతల్ని అనుమతించే బిల్లు శాసనసభ దాటి వెళ్తే, గవర్నర్ జెర్రీ బ్రౌన్ ఖర్చు కారణం చెప్పి వీటో చేశాడు. బేస్‌బాల్ మాత్రం ముందే దారికొచ్చింది. 2016లో మేజర్ లీగ్ ‘పోన్లే అసెంతో’, అంటే ‘గీత పెట్టు’ అని ప్రచారం నడిపి ఆటగాళ్ళ చొక్కాల వెనక గీతలు కుట్టించింది. అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ 2019లో, కోరినవాళ్ళ పేర్లకి గీతలు పెడతామంది. ఇవన్నీ వింత పేర్ల గురించి అనుకోకండి. అమెరికా 2010 జనాభా లెక్కల్లో అతి ఎక్కువమందికి ఉన్న పదిహేను ఇంటిపేర్లలో ఆరు స్పానిష్‌వి. గార్సియాది ఆరో స్థానం.

శబ్దాల సంగతి త్వరగా చెప్పుకోవచ్చు. ‘హెచ్’ పలకరు: ఎర్నాందెస్. ‘జె’ అంటే ఖ: ఖిమేనెస్. ఉర్దూ వచ్చిన హైదరాబాదీ ‘ఖుబానీ కా మీఠా’ అనేటప్పుడు గొంతులోంచి తీసే ఖ అది, మనం ‘ఖరీదు’లో రాసి వదిలేసే ఖ కాదు. కరీబియన్ దీవుల్లో అది మెత్తబడి హ అవుతుంది. జంట ‘ఎల్’ చాలాచోట్ల య: మురియో, కాస్తియో, వర్గాస్ యోసా. ‘బి’, ‘వి’ రెండూ ఒకటే. ‘జెడ్’ స్పెయిన్‌లో చాలా భాగంలో, ఇంగ్లీషు ‘థింక్’లో నాలుక పళ్ళ మధ్యకొచ్చే శబ్దం, లాటిన్ అమెరికాలో స. తేనెటీగలా జుమ్మనే ఇంగ్లీషు ‘జ్’ రెండుచోట్లా లేదు. ‘గోమెజ్’ అని మనం రాసేది ఇంగ్లీషు పలుకుబడి మాత్రమే. త, ద లు దాదాపు మన త, ద లే. పళ్ళ మీద పలుకుతాయి, మహాప్రాణం లేదు. ‘మార్టినెజ్’ అని రాసే తెలుగు పాత్రికేయుడి చేతిలో మర్తీనెస్‌కి కావాల్సిన తకారం సిద్ధంగా ఉంది. ఇంగ్లీషువాడికే లేదు. లేనివాడి దగ్గర అప్పు తెచ్చుకున్నాం.

మరి ఇంగ్లీషు మాట్లాడుతూ ఉండగా మధ్యలో ఇవన్నీ స్పానిష్ పద్ధతిలోనే అనాలా? ఈ వాదన అమెరికాలో అప్పుడప్పుడూ రాజుకుంటుంది. 2009లో ఒబామా సుప్రీంకోర్టుకి సోనియా సోటోమయోర్‌ను ఎంపిక చేశాడు. ప్యూర్టోరికో నుంచి వచ్చినవాళ్ళ బిడ్డ, బ్రాంక్స్‌లో పుట్టింది. తన ఇంటిపేరు చివరి ‘యోర్’ మీద ఊనిక అని ఆమె చెబుతుంది. అది ఇంగ్లీషుకి అసహజమనీ, వలస వచ్చినవాళ్ళే భాషకి ఒదిగి పోవాలనీ ఒక వ్యాఖ్యాత రాశాడు. 2015లో అరిజోనా రాష్ట్రం ఫీనిక్స్‌లో ఒక టీవీ యాంకర్ స్పానిష్ పేర్లలో రకారాన్ని గట్టిగా తిప్పి పలికిందని ప్రేక్షకులు ఫిర్యాదు చేశారు. ఆమె వార్తల్లోనే జవాబిచ్చింది: ఆ పేర్లు అలాగే పలకాలని ఉద్దేశించినవి, అలాగే పలుకుతాను అని.

సోటోమయోర్ విషయంలో ఆ వ్యాఖ్యాతది తప్పని నాకు ఏ సందేహమూ లేదు. ఊనికని చివరికి జరపడానికి ఇంగ్లీషు నాలుక కొత్త శబ్దం ఏదీ నేర్చుకోనక్కర్లేదు. హోటల్, గిటార్ అనేటప్పుడు రోజూ చేస్తున్న పనే అది. రకారం తిప్పడం, గొంతు ఖ తీయడం వేరు. అవి ఇంగ్లీషులో లేవు, రాకపోతే తప్పు పట్టకూడదు. పలకని అక్షరాన్ని పలక్కుండా వదలడం, బరువు సరైనచోట వేయడం మాత్రం ఎవరికైనా ఉచితమే. కాకపోతే ఎర్నాందెస్‌లో ‘హెచ్’ని ఇంగ్లీషులో అందరూ పలుకుతారు, ఆ ఇంటిపేరు ఉన్నవాళ్ళు కూడా. అది అక్కడ ఖాయమైపోయింది.

అతి చేయడం ఇంకో తప్పు. వెనెజువెలా మాజీ అధ్యక్షుడు చావెస్ పేరులో చ మన చకారమే, బరువు ‘చా’ మీదే. ఇంగ్లీషులో దాన్ని ఫ్రెంచి మాటలా ‘షవేజ్’ అని, చివర ఒత్తి అనేవాళ్ళున్నారు. విదేశీ పేరు కదా, ఏదో ఒకటి విదేశీగా అనాలన్న తాపత్రయం.

ఊళ్ళ పేర్లయితే ఎప్పుడో చేయి దాటిపోయాయి. టెక్సస్‌లో అమరియో, అంటే పసుపుపచ్చ, ‘ఎమరిల్లో’ అయింది. ఆస్టిన్‌లో గ్వాదలూపె వీధి ‘గ్వాడలూప్’. శాన్ ఆంటోనియో ఉన్న బెహార్ కౌంటీ ‘బేర్’, అంటే ఎలుగుబంటి. ఇక్కడ స్పానిష్ పద్ధతిలో అంటే పొరుగూరివాడని నవ్వుతారు.

ఇంటిపేరు ఊరిలాంటిది కాదు, దానికి యజమాని ఉంటాడు. కానీ ఆ యజమానులే రెండు రకాలుగా అంటారు. ఇరవయ్యో శతాబ్దం నడిమి దాకా టెక్సస్ బళ్ళలో స్పానిష్ మాట్లాడితే పిల్లల్ని దండించేవారు. ఆ పిల్లలు పెద్దయి తమ పిల్లలకి ఇంగ్లీషే నేర్పారు, పేరును కూడా ఇంగ్లీషు పద్ధతిలోనే చెప్పడం అలవాటు చేసుకున్నారు. పదీయా కొన్ని ఇళ్ళలో పడిల్లా. వాళ్ళని ఆపి, మీ పేరు మీకు పలకడం రాదు అని దిద్దే పండితుడు, స్పానిష్ బాగా వచ్చినవాడైనా సరే, మర్యాద తెలిసినవాడు కాదు.

నాతో పనిచేసే ఒకావిడ ఇంటిపేరు ఖిమేనెస్. ఆఫీసులో ఆవిడే ‘హిమెనెజ్’ అంటుంది, అమ్మతో ఫోనులో గొంతు ఖ వినిపిస్తుంది. మేం ఎలా పిలవాలని అడిగితే, “నువ్వు ఇంగ్లీషులో మాట్లాడుతున్నావా, స్పానిష్‌లోనా?” అంది. తరవాత నా ఇంటిపేరు కాగితం మీద రాయమంది. ఇంట్లో ముందుండేది, ఇక్కడ చివర రాశాను. నాలుగక్షరాలు, అందులో ఒక ళ్ళ. ఊనిక ఎక్కడో చెప్పు, మిగతాది నేను చూసుకుంటా అంది. మా భాషలో ఊనిక లేదు, అన్నీ సమానమే అన్నాను. ఆవిడ నమ్మలేదు. ఒక్కో అక్షరం మీద బరువు వేసి నాలుగు రకాలుగా అని, “ఇందులో ఏది?” అని నా మొహంలోకి చూసింది.